జోలికి పోవద్దని చెప్పిన ఫోల్డరు

బీదర్ గంజ్‌లో, అంటే ధాన్యం కొనే దుకాణాలన్నీ ఉన్న ఆవరణలో, ఒక పప్పుమిల్లు కథ చెప్పుకుంటారు. బిల్లులు కొట్టే ఒకామె కంప్యూటర్‌లోకి వైరస్ తెచ్చిందట. కందుల సీజన్ నడుమ మిల్లు ఆగిపోయిందట. అక్కడ కంప్యూటర్లు చూసుకునే మనిషి అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో మెషీన్ పెట్టి పట్టుకున్నాడట, పాడైపోయిందంతా మళ్ళీ లేపి నిలబెట్టాడట.

ఆ కంప్యూటర్ల మనిషిని నేనే. మిల్లు ఆగిందీ, నేను మళ్ళీ లేపిందీ మాత్రమే అందులో నిజం. మిగతాది అబద్ధమని చెప్పగలిగినవాణ్ణి నేనే అయినా ఏళ్ళ తరబడి నోరు విప్పలేదు. ఇప్పుడు ఉద్యోగాలు మానుకుని కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరు చదువుతారన్న ఆశతో రాస్తున్నాను.

అవి హైదరాబాద్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. బీదర్ నుంచి పొద్దున బయల్దేరే బస్సుల్లో సీటు దొరికేది కాదు. చదువుకున్న ప్రతివాడూ చేతిలో ఫైలు పెట్టుకుని అటే పోతుండేవాడు. నేను మాత్రం జహీరాబాద్ దాటి ఇటువైపు వచ్చాను. హైదరాబాద్ ఇంటర్వ్యూల్లో నెగ్గలేక వచ్చానన్న సంగతి మిల్లులో ఎవరికీ చెప్పలేదు. సిస్టమ్స్ ఇన్‌చార్జి అని నా హోదా. కంప్యూటర్లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు నా పని. మిల్లు యజమాని సావుకారు ఇంట్లో టీవీలో బొమ్మ రాకపోతే అది కూడా నా పనే.

బండ్లు తూచే కాంటా పక్క గదిలో బిల్లులు చూసే ఆమెది చింతకి అనే ఊరు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, బేరగాళ్ళతో ఉర్దూ. ఏ భాషలో తిడితే ఆ భాషలోనే తిరిగి అప్పజెప్పేది. భర్త ఊళ్ళో పొలం చేసేవాడు. ఆమె మాత్రం బీదర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని కూతుర్ని ఇక్కడి బడిలో చదివించుకుంటూ ఉండేది. అది అత్తవారింట్లో ఎవరికీ ఇష్టం లేదు.

"జీతం ఉన్నన్ని దినాలే ఈ గది అన్నా. నౌక్రీ పోయిందంటే మా అత్త తెల్లారెవరకు ట్రాక్టర్ పంపుతది సామాన్లకు," అని నవ్వేది. నవ్వుతూ అన్నా అది నిజమని మా అందరికీ తెలుసు.

మా మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. రైతు బండి కాంటా మీద ఎక్కగానే తూకం చీటీ చేతికి రావాలి. చీటీ మీద అతని పేరు అతను చదువుకునే అక్షరాల్లో ఉండాలి. ధన్నూర నుంచి, నిర్ణా నుంచి వచ్చేవాళ్ళకు కన్నడంలో, సరిహద్దు అవతలివాళ్ళకు తెలుగులో. పేరు చదువుకుని, తల ఊపి, అప్పుడే బండి మీద కప్పిన తాడ్పత్రి తాడు విప్పేవాళ్ళు. ఇంగ్లీషు చీటీ ఇస్తే మడిచి మీ దగ్గరే ఉంచుకోమని మొహాన అనేవాళ్ళు. పాత రోజుల్లో ఏ మిల్లో అర్థంకాని చీటీలిచ్చి మోసం చేసిందట. అప్పటి నుంచి అది పంతం.

రెండు భాషల అక్షరాలూ ఒకేచోట కొట్టే ఒక పాత సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఉండేది. పెళ్ళిపత్రికలు అచ్చేసే దుకాణం నుంచి తెచ్చిన కాపీ అది. కొన్నది కాదు. దాని తాళం పగలగొట్టే చిన్న ఫైలు కూడా దానితోపాటే వచ్చింది. నేను చేరేనాటికే అది అక్కడుంది. చుట్టుపక్కల మిల్లులన్నిటిలోనూ అదే ఉండేదనుకుంటాను.

ఒకరోజు సావుకారు నన్ను గద్దె దగ్గరికి పిలిచాడు. ఎక్కడో ఒక నూనెమిల్లు కంప్యూటర్లకు ఎవరో దూరం నుంచే తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తామన్నారని విని వచ్చాడు.

"మనకు గట్ల కావద్దు. వైరస్ రాకుండ ఒకటి, లోపల ఏం నడుస్తాందో చూసేటిది ఒకటి, రెండు తీసుకో. మంచిది చూడు. అగ్గువది అని చూడకు, పిరం ఉంది అని భీ చూడకు."

అంత స్వేచ్ఛ నాకు ఏ ఉద్యోగంలోనూ మళ్ళీ దొరకలేదు.

మొదట వచ్చినాయన కలబుర్గి నుంచి. మోటారు సైకిల్ మీద వచ్చాడు. హెల్మెట్ తీయకముందే తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. వైర్లు ఇట్లా ఎవరు వేశారన్నాడు. పాస్‌వర్డ్ గోడ మీద రాసుకుంటారా అన్నాడు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. చెప్పే తీరుకు మాత్రం చెంప పగలగొట్టాలనిపించేది. తన యాంటీవైరస్‌ను కొన్నాళ్ళు వాడి చూడమని అన్నిట్లోనూ ఎక్కించి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే అది మా అక్షరాల సాఫ్ట్‌వేర్‌లోని ఆ చిన్న ఫైలును పట్టుకుని తీసి పక్కన పడేసింది. చీటీ మీద పేర్లకు బదులు డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. ట్రాక్టర్లు కాంటా నుంచి రోడ్డు దాకా నిలబడ్డాయి. ఒక ముసలి రైతు ఆ చీటీని ఎండకు ఎత్తి చూసి, "ఇది నా పేరా, మా ఇంటి కిటికీనా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. తాడు మాత్రం ఎవరూ విప్పలేదు.

సావుకారు నవ్వలేదు. "వైరస్‌ను ఆపేది తెమ్మంటే నా కాంటను ఆపేది తెచ్చినవేందయ్యా?"

నేను కలబుర్గికి ఫోన్ చేసి అరిచాను. అవతల ఆయన గొంతు కూడా తగ్గలేదు. "సార్, అది మంచి ఫైలు కాదు. చోరీ మాల్ లోపల పెట్టుకుని చౌకీదారు కావాలంటే ఎట్లా? అసలుది కొనండి. లేకుంటే నేను జిమ్మేదారీ తీసుకోను."

"నీ జిమ్మేదారీ ఎవరడిగిన్రు? వచ్చి నీది తీసుకపో," అన్నాను. ఆయన వచ్చి తీసేసి వెళ్ళిపోయాడు, నేను ఆ ఫైలును మళ్ళీ దాని చోట పెట్టాను. ఆ పూట నాకు గెలిచినట్టే ఉంది.

రెండో కంపెనీ హైదరాబాద్‌ది. వాళ్ళు నన్నే అక్కడికి పిలిచారు. అద్దాల మేడ, చల్లటి గది, గోడంత తెర. నా వయసే ఉన్న ఒకతను కుర్చీ లాగి కూర్చోబెట్టి, మీలాంటి వాళ్ళు చిన్న ఊళ్ళో ఉండటం మా అదృష్టం సార్ అన్నాడు. మీలాంటి వాళ్ళంటే ఎలాంటివాళ్ళని నేనడగలేదు. వైరస్ పట్టేదీ, లోపల నడిచేది చూపించేదీ రెండూ వాళ్ళ సాధనంలోనే ఉన్నాయి. తెర మీద నెట్‌వర్క్ మొత్తం బొమ్మగా కనపడుతోంది. ఒక్కో కంప్యూటర్ ఒక చుక్క. ఏ చుక్క ఎవరితో మాట్లాడుతుంటే అటు ఒక గీత. బాగుంటే ఆకుపచ్చ, అనుమానముంటే ఎరుపు.

"మా దగ్గర ఒక పాత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని మీది అడ్డుకుంటుందా?" అని మాత్రం అడిగాను.

"అడ్డుకోదు సార్. ఏ ఫోల్డర్ జోలికి పోవద్దో మీరు చెప్పండి, పోదు. మీ ఇష్టం. మా ప్రొడక్ట్ కస్టమర్ మాట వింటుంది."

ఆ మాటకే పడిపోయాను. కాగితాల మీద మార్కులు వేసి రెంటినీ పోల్చి సావుకారుకు చూపించాను గానీ, నిజానికి నేను ఎంచుకున్నది తక్కువ అరిచేదాన్ని. నాతో సార్ అన్నదాన్ని. ఇంకో మాట కూడా ఉంది. అలాంటి సాధనం పెట్టి నడిపించానని బయోడేటాలో రాసుకుంటే అదే మేడలో నాకూ ఒక కుర్చీ దొరుకుతుందని ఆశపడ్డాను.

మిల్లులో దాన్ని ఎక్కించిన రోజు జోలికి పోవద్దని చెప్పాల్సింది ఒక్క అక్షరాల ఫోల్డర్‌నే. కానీ అది రేపు ఇంకోచోట ఏదో పట్టుకుంటే మళ్ళీ ట్రాక్టర్లు ఆగుతాయని భయం. బిల్లింగ్ కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ ఉన్న డ్రైవ్ మొత్తాన్నీ వదిలేయమని టిక్కు పెట్టేశాను. ఇంటికి తాళం వేసి వెనక గోడ తీసేయడమంటే ఇదే.

చుక్కల తెర సావుకారుకు బాగా నచ్చింది. గద్దె ఎదురుగా పెట్టించాడు. చుట్టాలొస్తే చూపించేవాడు. "గిది నా ఆఫీసు. గిది గోదాం. అన్నీ పచ్చగున్నయ్ చూడు, చేను లెక్క."

అన్నీ పచ్చగా ఎందుకున్నాయంటే ఎరుపు వచ్చినప్పుడల్లా ఎందుకొచ్చిందో చూడకుండానే నేను ఆర్పేవాణ్ణి. మొదట్లో అది ప్రతిదానికీ అరిచేది. కొత్త కెమెరాకు, సావుకారు మనవడి ఫోన్ ఆటకు, హమాలీల మేస్త్రీ చూసే సినిమాకు. ప్రతి అనుమానానికీ నాకో మెయిల్ వచ్చేది. విసిగిపోయి, అవన్నీ వచ్చిందే తడవు వేరే అరలోకి పోయేట్టు చేశాను. ఆ అర తెరిచి చూసే ఓపిక ఎప్పుడూ రాలేదు.

కందులు రావడం మొదలైంది. బిల్లులామె ఒకరోజు మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడింది.

"అన్నా, అన్నం తిని వచ్చేసరికి నా కంప్యూటర్ మెల్లగైతాంది. నల్లటి డబ్బా ఒకటి వచ్చి పోతాంది."

"రీస్టార్ట్ చెయ్."

"చేసిన. మళ్ళ వస్తాంది."

"సీజన్ కదా. దానికి భీ అలసట ఉంటది."

"నువ్వు ఒక్కపారి వచ్చి చూడరాదె?"

"ఫుర్సత్ అయినంక వస్త అక్కా."

ఆమె మరికొన్ని సార్లు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. నాకు ఫుర్సత్ ఉండేది. హైదరాబాద్ కంపెనీలకు బయోడేటాలు పంపుకుంటూ ఉండేవాణ్ణి.

ఆ రోజు పొద్దున నేను వెళ్ళేసరికే కాంటా దగ్గర గోల. బిల్లింగ్ కంప్యూటర్ మీద ఇంగ్లీషులో బెదిరింపు, కింద డబ్బు కట్టే దారి. రైతుల పేర్లు, తూకాలు, కొనుగోళ్ళు, ఏదీ తెరుచుకోవడం లేదు. గోదాం కంప్యూటరూ అంతే. ఆఫీసువీ అంతే. ట్రాక్టర్ల వరుస గేటు దాటిపోయింది. చుక్కల తెర మాత్రం చక్కగా వెలుగుతోంది. అది వేరే పెట్టె కాబట్టి దానికేమీ కాలేదు. సావుకారు దాని ముందు నిలబడి ఉన్నాడు.

"ఏడికెల్లి మొదలైందో ఇది చెప్తదన్నవ్ గదా. చెప్పు."

వెనక్కి తిప్పి చూపించాను. తెర అబద్ధం చెప్పలేదు. ఒకే ఒక్క చుక్క చాలా రోజులుగా మధ్యాహ్నం పూట ఊరూ పేరూ లేని చోటుతో మాట్లాడుతూ వచ్చింది. ఆ చుక్క కింద ఆమె పేరు ఉంది. కంప్యూటర్‌కు మనిషి పేరు పెట్టింది నేనే, గుర్తుండటానికి.

సావుకారు ఆమెను పిలిచాడు. గుమాస్తాలు, హమాలీలు, ఇద్దరు ముగ్గురు రైతులు కూడా వచ్చి నిలబడ్డారు.

"ఏం పెట్టినవమ్మా దీంట్ల?"

"నేనేం పెట్టలే సావుకార్. చీటీలు కొట్టుడు తప్ప దాంట్ల నాకేం రాదు."

"మరి నీ పేరే ఎందుకు ఎర్రగున్నది?"

"అన్నకు చెప్పిన. మెల్లగైతాందని ఎన్నోపార్లు చెప్పిన. అన్నను అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఆమె కళ్ళలో భయం లేదు. నేను అవునంటాననే నమ్మకంతో నిలబడింది. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది.

"చూడాలె," అన్నాను. "ఒక్కోసారి పెన్‌డ్రైవ్‌ల నుంచి భీ వస్తుంటది."

అంతే అన్నాను. ఆమె పేరు ఎత్తలేదు. ఆమె దగ్గర పెన్‌డ్రైవే లేదు. ఆఫీసు మొత్తానికి ఉన్న ఒక్కటీ నా తాళపుచెవుల గుత్తికి వేలాడుతుండేది. కానీ అక్కడున్నవాళ్ళకు వినపడాల్సింది వినపడిపోయింది. వెనక నుంచి ఒక గుమాస్తా, "బిడ్డ సినిమాలు చూస్తదని తెచ్చుంటది," అన్నాడు.

"నా బిడ్డ సంగతి నీకేందిరా?" అని ఆమె అతని మీదికి తిరిగింది. ఆ కోపాన్నే తప్పుకు గుర్తుగా తీసుకున్నారు.

"కొన్ని దినాలు ఇంట్ల ఉండమ్మా. పిలుస్తం," అన్నాడు సావుకారు.

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని గేటు వైపు నడిచింది. కొంత దూరం పోయి ఒకసారి ఆగింది. నేను తలదించుకుని ఏదో వైరు సరిచేస్తున్నాను.

సాయంత్రానికి నాకు సంగతి తెలిసిపోయింది. దొంగ దాక్కున్నది ఆ తాళం పగలగొట్టిన ఫైలులోనే. ఎన్నాళ్ళుగానో అక్కడే ఉన్నాడు. నేను చూడొద్దన్న చోటే కూర్చుని, అక్కడి నుంచే మిగతావాళ్ళను లోపలికి పిలిచాడు. కలబుర్గి ఆయన సాధనం మొదటి రోజే పట్టుకుంది. హైదరాబాద్ సాధనం ఆ డ్రైవ్ జోలికి పోకపోయినా, ఆ చుక్క బయటితో మాట్లాడటం చూసి నాకు మెయిళ్ళు పంపింది. ఆ అర తెరిస్తే ఆమె కంప్యూటర్ గురించిన హెచ్చరికలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. రెండు సాధనాలూ వాటి పని అవి చేశాయి.

బ్యాకప్ ఉండటం మా అదృష్టం. డిస్కులు తుడిచి మళ్ళీ అన్నీ ఎక్కించాను. తుడవడం ఆ పనిలో ఒక భాగమే. తుడిస్తే నా టిక్కు కూడా పోతుందని నాకు తెలియకపోలేదు. అక్షరాల సాఫ్ట్‌వేర్ అసలు కాపీ కొనిపించాను. మిల్లు మళ్ళీ నడిచింది. ఉగాదికి సావుకారు నాకు శాలువా కప్పాడు. ఆమెను ఎవరూ పిలవలేదు. గంజ్‌లో వేరే దుకాణాలకు పోయి అడిగిందట. వైరస్ తెచ్చినామెనా అన్నారట. కొన్నాళ్ళకు గది ఖాళీ చేసి, బిడ్డను బడి మాన్పించి చింతకి వెళ్ళిపోయిందని కాంటా మేస్త్రీ చెప్పాడు.

నాకు హైదరాబాద్‌లో కుర్చీ దొరికింది. ఇంటర్వ్యూలో ఈ కథే చెప్పాను, గంజ్‌లో చెప్పుకునే పద్ధతిలో. మెచ్చుకున్నారు. ఆ కుర్చీలో కూర్చుని ఎన్నో కంపెనీలకు ఇలాంటి సాధనాలు ఎంచి పెట్టాను. ఏది కొనాలని అడిగితే ధరలు, గుణాలు చెప్పేవాణ్ణి. ఎప్పుడూ పైకి అనలేని మాటలు ఇక్కడ చెబుతున్నాను. కొనేముందు అది దేన్ని పట్టుకుంటుందో అడగండి. మీరు దేన్ని పట్టుకోనివ్వరో కూడా రాసుకుని, కింద మీ సంతకం పెట్టండి. దాని అరుపులు రోజూ కూర్చుని వినే మనిషెవరో తేలకుండా కొనకండి. కంప్యూటర్లకు మనుషుల పేర్లు పెట్టకండి. నాకు తెలిసిన విద్య ఇంతే. ఇందులో సాధనాల గురించి ఉన్నది చాలా తక్కువ.

ఉద్యోగం మానేశాక ఒకరోజు చింతకి వెళ్ళాను. ఆమె ఇంటి ముందు కందులు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టినా చాట కింద పెట్టలేదు.

"ఏమన్నా, తొవ్వ తప్పినవా?"

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. ఫైలు, టిక్కు, తెరవని అర, తుడిచిన డిస్కు, అన్నీ. ఆమె చెరుగుతూనే వింది.

"తప్పు నాది అక్కా."

"అది నాకు ఎర్కనే. నేను ఏం చెయ్యలేదని నాకు ఎర్క లేదా? నాకు చెప్పనీకి ఇంత దూరం వచ్చినవా?"

బిడ్డ ఏం చేస్తోందని అడిగాను.

"పెండ్లయింది. దాని చదువు సంగతి అడగకు." చాటలోది ఎగరేసి పట్టుకుంది. "మొన్న మా మరిది కందులు తీస్కపోతే గంజ్‌ల అడిగిన్రంట, మీ వదిన గా వైరస్ ఆమెనే గదా అని. ఇన్నేండ్లయినంక భీ. నువ్వు పోయి ఆడ చెప్పు. ఎర్క లేనోళ్ళకు చెప్పు. నాకెందుకు?"

నేరుగా బస్సెక్కి బీదర్ వచ్చి ముందు మిల్లుకే పోయాను. సావుకారు ముసలివాడయ్యాడు, గద్దె మాత్రం వదల్లేదు. నేను చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపాడు.

"నాకప్పుడే అనుమానమొచ్చింది. ఆ పెద్ద పెద్ద మాటలోడు, కలబుర్గాయన, మిల్లు ఆగిందని విని ఫోన్ చేసిండు. ఆ ఫైలే చూడుమని చెప్పిండు."

"మరి ఆమెను ఎందుకు పిలవలే?"

"పిలిస్తే నిన్ను తీసెయ్యాలె. బిల్లులు కొట్టేటోళ్ళు గంజ్‌ల దొరుకుతరు. నడుమ సీజన్ల కంప్యూటర్లు లేపేటోడు యాడ దొరుకుతడు?" చిట్టా పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "నువ్వు భీ పోతివి గదా మళ్ళ."

నాకు కప్పిన శాలువా సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

అక్కడి నుంచి గంజ్‌లోకి నడిచాను. ఒక అడతి దుకాణం ముందు పాత పరిచయం ఉన్న వ్యాపారి ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చాయ్ తెప్పించాడు. ఆయనకు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. తప్పు నాదని, ఆమె ఏమీ ఎరగదని, సావుకారుకు కూడా తెలుసునని. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్య మధ్య అయ్యో అన్నాడు. చాయ్ తాగి కప్పు కింద పెట్టాడు.

"నువ్వు మంచోనివి కాబట్టి నీ మీద ఏసుకుంటున్నవ్," అన్నాడు. "కానీ ఆమె ఏం చెయ్యకుంటే సావుకార్ ఊర్కనే తీసేస్తడా?"

పక్క దుకాణం నుంచి ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఏందని అడిగారు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.